కన్సీల్డ్ క్యారీ, వీసా, మాస్ షూటింగులు: తుపాకీ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఫ్రిస్కో_పావని

2023 మే 6న డాలస్ దగ్గరి అలెన్ అవుట్‌లెట్ మాల్‌ కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ళలో మన హైదరాబాద్ అమ్మాయి ఒకరు. అప్పటి నుంచి డాలస్ తెలుగు గ్రూపుల్లో ఒకటే వాదన. "ప్రతి ఇంట్లో గన్ ఉండాల్సిందే" అని ఒక వర్గం, "ఆ మాటే ఇంట్లో వినపడకూడదు" అని ఇంకో వర్గం. రెండు వైపులా గొంతు పెద్దదే గానీ వివరం తక్కువ.

నాకు కావలసినవి నాలుగు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకోవచ్చా? కన్సీల్డ్ క్యారీకి, అంటే తుపాకీ దాచి వెంట పెట్టుకుని తిరగడానికి, టెక్సాస్‌లో పర్మిట్ అక్కర్లేదంటే దానర్థం ఏమిటి? నడుముకు పిస్టల్ ఉన్న మామూలు మనిషి మాల్‌లో కాల్పులు ఆపగలడా? పిల్లలున్న ఇంట్లో దాన్ని ఎక్కడ, ఎలా పెట్టాలి? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా రాయండి.

వీసా_వ్యాకరణం

పావని గారూ, మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇక్కడ పొరపడితే తర్వాత దిద్దుకోవడానికి దారి ఉండదు.

ఫెడరల్ చట్టం 18 యు.ఎస్.సి. 922(జి)(5)(బి) ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్ళు, అంటే హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, బి-2 అందరూ, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. "దగ్గర ఉంచుకోవడం" అంటే సొంతానికి కొనడమే అనుకుంటారు చాలామంది. కాదు. షూటింగ్ రేంజిలో, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోట, పది నిమిషాలు అద్దె పిస్టల్ పట్టుకున్నా పొసెషన్ కిందికే వస్తుంది. బ్యాగులో ఒక్క తూటా ఉన్నా అంతే. టీమ్ ఔటింగ్ అని షూటింగ్ రేంజికి తీసుకెళ్తే అక్కడ రాసే కాగితంలో ఈ ప్రశ్న ఉంటుంది, చదవకుండా టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు. శిక్ష పదేళ్ళ దాకా ఉండేది. 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో పదిహేనేళ్ళ దాకా అయింది. దాని మీద, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

మినహాయింపు ఒకటుంది: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది చేతిలో ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. కానీ గడువు చూసుకోవాలి. టెక్సాస్ వేట లైసెన్సు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జులైలో తీసుకుంటే సెప్టెంబరు 1 పొద్దున్నుంచి ఇంట్లో ఉన్న తుపాకీయే నేరం. పైగా ఇది ఫెడరల్ మినహాయింపు మాత్రమే, రాష్ట్రాల నిషేధాలు వేరే.

"నాకు తెలియదు" అనేది ఎంతవరకు పనికొస్తుందో 2019లో సుప్రీంకోర్టు రెహైఫ్ కేసులో చెప్పింది. కాలేజీ నుంచి తీసేశాక స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) పోయిన ఒక విదేశీ విద్యార్థి ఫ్లోరిడాలో రేంజికి వెళ్ళి కాల్చాడు. అక్కడి నుంచి మొదలైన కేసు అది. తన స్టేటస్ ఏమిటో ఆ మనిషికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంది కోర్టు. చట్టం తెలియకపోవడం ఇప్పటికీ సాకు కాదు. తాను హెచ్-1బి మీద ఉన్నానని హెచ్-1బి వాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఆ తీర్పు మనకు పెద్దగా అక్కరకు రాదు.

గ్రీన్ కార్డు వచ్చాక ఫెడరల్ చట్టం దృష్టిలో కొనడానికి పౌరుడితో సమానమే. షాపులో ఫారం 4473 నింపాలి, ఏలియన్ నంబరు రాయాలి, ఎఫ్‌బీఐ వాళ్ళ నిక్స్ చెక్ (కొనేవాళ్ళ నేపథ్యం చూసే తనిఖీ) అవ్వాలి.

ఇంకొక్కటి. గ్రీన్ కార్డున్న బావగారి చేతో, స్నేహితుడి చేతో కొనిపించి మనం ఉంచుకోవడం స్ట్రా పర్చేజ్. 2022 నుంచి దానికి ప్రత్యేకంగా ఫెడరల్ సెక్షన్ ఉంది, అదీ పదిహేనేళ్ళ దాకానే. కొన్నవాళ్ళూ ఇరుక్కుంటారు, కొనిపించుకున్నవాళ్ళూ ఇరుక్కుంటారు.

కరీంనగర్_పోరడు

అన్నా, టెక్సాస్‌ల పర్మిట్ లేకుండనే పెట్టుకొని తిరుగొచ్చు అంటున్నరు గదా. మరి జనం ఇంకా లైసెన్సు క్లాసులకు ఎందుకు పోతున్నరు?

రేంజ్_గురి

మంచి ప్రశ్న తమ్ముడూ. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డులేని ఎవరైనా లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. ఇలాంటి రాష్ట్రాలు ఇప్పుడు 29. అయినా లైసెన్సు తీసుకోమనే నేను చెబుతాను.

అతి ముఖ్యమైన కారణం ఎవరూ చెప్పనిది: ఫెడరల్ గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం. స్కూలు ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకీ నిషేధం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. "పర్మిట్ అక్కర్లేదు" అని ఊరికే పెట్టుకున్నవాళ్ళకు లేదు. ప్లేనో, ఫ్రిస్కో మ్యాపు తీసి ప్రతి స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల గీత గీసి చూడండి. సరుకులకు వెళ్ళొచ్చేలోపు ఎన్నిసార్లు ఆ గీత దాటుతారో తెలుస్తుంది. నిండిన పిస్టల్ నడుముకు పెట్టుకుని దాటిన ప్రతిసారీ కాగితం మీద అది ఫెడరల్ నేరమే.

రెండోది, పక్క రాష్ట్రాలు. టెక్సాస్ లైసెన్సును చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ ఒప్పుకోవు. డ్రైవింగ్ లైసెన్సు లాగా దేశమంతా చెల్లదు.

మూడోది, బోర్డులు. తలుపు దగ్గర 30.05 అని ఉంటే లైసెన్సు లేనివాళ్ళు తుపాకీతో రాకూడదని. 30.06 ఉంటే లైసెన్సు ఉన్నా దాచిపెట్టుకుని రాకూడదు. 30.07 ఉంటే లైసెన్సు ఉన్నవాళ్ళు పైకి కనపడేలా పెట్టుకుని రాకూడదు. ఎర్రటి అక్షరాలతో 51 శాతం అని ఉన్న బోర్డు కనపడితే అది ఆదాయంలో సగానికి పైగా మద్యం అమ్మకాల మీద వచ్చే చోటు. అక్కడికి లైసెన్సు ఉన్నా తీసుకుపోకూడదు. కోర్టులు, స్కూళ్ళు, పోలింగ్ కేంద్రాలు, ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దాటిన భాగం సరేసరి.

క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, ఫీజు 40 డాలర్లు. షూటింగ్ పరీక్షలో యాభై తూటాలు: 3 గజాల నుంచి ఇరవై, 7 గజాల నుంచి ఇరవై, 15 గజాల నుంచి పది. 250కి 175 వస్తే పాస్. కదలని కాగితం మీద, వెలుతురులో, వెనక ఎవరూ లేకుండా కాల్చే పరీక్ష ఇది. పాసయిన వాళ్ళకు తుపాకీ పట్టుకోవడం వచ్చిందని దానర్థం. అంతకు మించి ఏమీ కాదు.

న్యూజెర్సీ_నాగమణి

మా వైపు సంగతి కూడా రాస్తాను, ఇక్కడికి మారేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి. న్యూజెర్సీలో తుపాకీ కొనడానికి ముందు పోలీసుల దగ్గర ఐడెంటిఫికేషన్ కార్డు, దాని మీద ఒక్కో హ్యాండ్‌గన్‌కు ఒక్కో పర్చేజ్ పర్మిట్, ముప్పై రోజులకు ఒకటి మించి కొనకూడదు. న్యూయార్క్‌లో క్యారీ లైసెన్సుకు 16 గంటల క్లాసు, 2 గంటల ఫైరింగ్. కాలిఫోర్నియాలో కొన్నాక చేతికి రావడానికి పది రోజులు ఆగాలి. ఇల్లినాయిలో ఇంట్లో ఉంచుకోవడానికే ఫోయిడ్ కార్డు (తుపాకీ ఉన్నవాళ్ళ గుర్తింపు కార్డు).

టెక్సాస్ నుంచి కారులో సామాన్లేసుకుని ఇటు వచ్చేవాళ్ళు దారిలోనే దెబ్బతింటారు. బయల్దేరిన చోట, చేరే చోట రెండింటా చట్టబద్ధమైతే మధ్య రాష్ట్రాల గుండా తీసుకెళ్ళడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం వీలిస్తుంది. షరతు: తుపాకీ ఖాళీగా ఉండాలి, తుపాకీ, తూటాలు రెండూ సీట్లో ఉన్నవాళ్ళ చేతికి అందకూడదు. డిక్కీ లేని కారయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లవ్ బాక్సు, మధ్య కన్సోల్ తాళం వేసినా పనికిరావని చట్టంలోనే రాసుంది. ఎస్‌యూవీ ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

లెక్కల_పంతులు

మూడో ప్రశ్నకు వస్తాను. ముందు "మాస్ షూటింగ్" అంటే ఏమిటో తేలాలి. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ లెక్కలో, కాల్చినవాడు కాక నలుగురికి తూటా తగిలితే చాలు, ఎవరూ చనిపోకపోయినా సరే. ఆ లెక్కన 2023లో 650 దాటాయి. ఎఫ్‌బీఐ "యాక్టివ్ షూటర్" లెక్క వేరు: జనం ఉన్న చోట చంపడానికే తిరుగుతున్నవాడు. ముఠా గొడవలు, ఇంటి గొడవలు అందులో కలపరు. అదే 2023లో ఆ లెక్క 48. ఒకరు 650 అంటారు, ఇంకొకరు 48 అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ లెక్కో చెప్పకుండా అంకె విసిరితే వాదన తెగదు.

ఇక ఆపడం. 2000 నుంచి 2013 దాకా జరిగిన 160 యాక్టివ్ షూటర్ ఘటనలను ఎఫ్‌బీఐ పరిశీలించింది. పోలీసులు కాని, తుపాకీ ఉన్న వ్యక్తులు ఎదురుకాల్పులతో ముగించినవి 5. ఖాళీ చేతులతో మీదపడి పట్టుకున్నవి 21. సమయం కచ్చితంగా తెలిసిన 63 ఘటనల్లో 44 అయిదు నిమిషాల్లోపే అయిపోయాయి, వాటిలో 23 రెండు నిమిషాల్లోపే. ఈ అయిదు అనే అంకె తక్కువ చేసి చూపిందని తప్పుపట్టే పరిశోధకులూ ఉన్నారు. కానీ నిమిషాల లెక్కను ఎవరూ కాదనలేదు.

రేంజ్_గురి

పంతులుగారూ, ఆ అంకె చిన్నదే, కాదనను. కానీ ఆ అంకె చూపించి ఇలా ఆపిన మనుషులను తీసేయకండి. ఆ లెక్క తర్వాతి సంగతులు చెబుతాను. 2022 జులై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్ ఫుడ్ కోర్టులో కాల్పులు మొదలైన పదిహేను సెకన్లలో 22 ఏళ్ళ కుర్రాడు దాదాపు నలభై గజాల దూరం నుంచి పది రౌండ్లు కాల్చి ఆపేశాడు. అప్పటికే ముగ్గురు పోయారు. అతను లేకపోతే ఎంతమందో. ఆ రాష్ట్రంలో పర్మిట్ లేని క్యారీ వచ్చి అప్పటికి పదహారు రోజులు. 2019 డిసెంబరులో టెక్సాస్ వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో వలంటీరు సెక్యూరిటీ మనిషి ఆరు సెకన్లలో ముగించాడు, ఒక్క తూటాతో. అయిదు నిమిషాల్లో అయిపోయేదాన్ని ఆపాలంటే అక్కడే ఉన్నవాళ్ళే ఆపాలి. మీరు చెప్పిన నిమిషాల లెక్క నా మాటకే బలం.

లెక్కల_పంతులు

రెండూ నిజమే, నేనూ గౌరవిస్తాను. కానీ 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడా కూడా చెప్పాలి. పోలీసు అధికారిని చంపినవాడిని ఒక పౌరుడు తన పిస్టల్‌తో కాల్చి పడేశాడు. తర్వాత ఆ హంతకుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసు అతన్నే హంతకుడనుకుని కాల్చాడు. ఆపినవాడూ పోయాడు. ఆయుధాలతో, శిక్షణతో ఉన్నవాళ్ళే ఉవాల్డేలో 2022 మే 24న 376 మంది చేరి, 77 నిమిషాల దాకా లోపలికి వెళ్ళలేదు. పిల్లలు పందొమ్మిది మంది, టీచర్లు ఇద్దరు చనిపోయారు. తుపాకీ ఉండటం వేరు, ఆ క్షణంలో పని జరగడం వేరు.

అలెన్‌లో ఆపింది వేరే పని మీద అక్కడికి వచ్చి ఉన్న పోలీసు. కాల్పుల శబ్దం విని పరుగెత్తాడు. నాలుగు నిమిషాల్లో ముగించాడు. ఆ నాలుగు నిమిషాల్లోనే ఎనిమిది మంది.

రేంజ్_గురి

అర్వాడా నేర్పే పాఠం క్లాసుల్లో తప్పకుండా చెప్పాలి. కాల్చాక చేయాల్సింది: ముప్పు పోయిందని తేలగానే పిస్టల్ హోల్‌స్టర్‌లో (నడుముకు పెట్టుకునే ఒరలో) పెట్టండి, వీలుకాకపోతే నేల మీద పెట్టి దూరం జరగండి. ఎదుటివాడి తుపాకీ మీ చేత్తో ఎత్తకండి. 911కి చేసేటప్పుడు మొదట మీ బట్టల రంగు, ఎక్కడ నిలబడ్డారో చెప్పండి. పోలీసులు అరిస్తే చేతులు తెరిచి చూపిస్తూ వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేయండి, వాళ్ళవైపు గబుక్కున తిరగకండి. అప్పుడు వాళ్ళకు మీరెవరో తెలియదు.

ఒలేతే_మరువం

మన వాళ్ళ మీద జరిగింది కూడా ఈ లెక్కలో ఉండాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను దూషించినవాణ్ణి బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు, అడ్డుపడ్డ అమెరికన్ ఒకాయనకూ తూటా తగిలింది. కాల్చినవాడికి జీవిత ఖైదు పడింది. అందుకే గొడవపడి బయటికి పోయినవాడు మళ్ళీ రాకముందే అక్కడి నుంచి కదలాలి. తుపాకీ ఉన్నా లేకపోయినా వర్తించే మాట ఇది.

వీసా_వ్యాకరణం

ఇద్దరి వాదనలోనూ రాని భాగం ఒకటుంది. నా దృష్టిలో అసలు చోటు అదే. ఈ దాడుల్లో చాలావాటిలో తుపాకీ కొన్న రోజే ఆగాల్సింది. ఆగకపోవడానికి కారణం చాలాసార్లు కాగితం.

వర్జీనియా టెక్, 2007 ఏప్రిల్ 16, 32 మంది మృతి. కాల్చినవాడికి మానసిక చికిత్స తీసుకోమని కోర్టు ఆదేశం ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు. ఆ ఆదేశం నిక్స్‌లోకి చేరలేదు. చెక్ పాసయింది.

చార్లెస్టన్ చర్చి, 2015 జూన్ 17, తొమ్మిది మంది. నిక్స్ జవాబు మూడు రకాలు: అమ్మొచ్చు, ఆగండి, వద్దు. "ఆగండి" అన్నాక మూడు పని దినాల్లో తేలకపోతే షాపువాళ్ళు అమ్ముకోవచ్చు. కాల్చినవాడి డ్రగ్స్ కేసు కాగితం కోసం ఎఫ్‌బీఐ ఉద్యోగి తప్పు చోట వెతికారు. మూడు రోజులు దాటాయి. తుపాకీ చేతికొచ్చింది.

సదర్లాండ్ స్ప్రింగ్స్, టెక్సాస్, 2017 నవంబరు 5, 26 మంది. కాల్చినవాడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా భార్యను, పిల్లాణ్ణి కొట్టిన నేరం రుజువైంది. ఆ శిక్ష వివరం ఎఫ్‌బీఐకి పంపలేదు. నాలుగేళ్ళ తర్వాత ఫెడరల్ జడ్జి ఎయిర్‌ఫోర్స్ బాధ్యత 60 శాతం అని తేల్చారు. కాల్పుల రోజు చర్చి బయట ఎదురుకాల్పులు జరిపింది పక్కింటి మనిషే, తన ఏఆర్-15 రైఫిల్‌తో. రెండు వర్గాలూ ఈ ఒక్క ఘటననే తమ ఉదాహరణగా చెప్పుకుంటాయి. నేను మాత్రం పంపని ఆ కాగితం దగ్గరే ఆగిపోతాను.

అలెన్ వేరు. అక్కడ కాల్చినవాణ్ణి 2008లో శిక్షణ పూర్తి కాకుండానే ఆర్మీ ఇంటికి పంపింది. అలా పంపడం ఒక్కటే తుపాకీ కొనడానికి అడ్డు కాదు. కోర్టు తేల్చాలి, లేదా బలవంతంగా ఆసుపత్రిలో చేర్చి ఉండాలి, లేదా డిసానరబుల్ డిశ్చార్జి (శిక్షగా సైన్యం నుంచి తీసేయడం) అయ్యుండాలి. ఇక్కడ చట్టం తప్పలేదు, చట్టంలోనే ఆ ఖాళీ ఉంది.

ఇద్దరు ప్రైవేటు మనుషుల మధ్య అమ్మకానికి ఫెడరల్ చెక్ అవసరమే లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు తప్పనిసరి చేశాయి, టెక్సాస్ చేయలేదు.

కరీంనగర్_పోరడు

మరి సుప్రీంకోర్టు ఏమంటున్నది? ఒకసారి హక్కు అంటది, ఒకసారి ఆపొచ్చు అంటది.

వీసా_వ్యాకరణం

చిన్నగా చెబుతాను. 2008 హెల్లర్: ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ వ్యక్తిగత హక్కు. 2010 మెక్‌డొనాల్డ్: అది రాష్ట్రాలకూ వర్తిస్తుంది. 2022 బ్రూయెన్: ఇంటి బయట పెట్టుకోవడం కూడా హక్కే, "నీకేం ప్రత్యేక అవసరం?" అని న్యూయార్క్ అడగడం చెల్లదు, ఏ ఆంక్షకైనా దేశ చరిత్రలో పోలిక చూపించాలి. ఆ పోలిక అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదని 2024 జూన్‌లో రహీమీ కేసులో ఎనిమిది మంది జడ్జీలు చెప్పారు. గృహహింస ఆర్డరున్నవాడి దగ్గర తుపాకీ ఉండకుండా ఆపొచ్చన్నారు. అదే నెలలో లాస్ వేగాస్ కాల్పుల తర్వాత తెచ్చిన బంప్ స్టాక్ (రైఫిల్ వేగంగా కాల్చేలా చేసే పరికరం) నిషేధాన్ని కొట్టేశారు. తుపాకులను చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు ఆ అధికారం లేదని కారణం. హక్కు సంగతి కాదది.

మన దేశంలో దీనికి తలకిందులు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది కలెక్టరో పోలీసు కమిషనరో తేల్చాలి, అవసరం మనం నిరూపించుకోవాలి. ఇక్కడ చదువుకుంటున్న పిల్లలకు ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఫోన్‌లో చెప్పే సలహాలు ఆ అలవాటు నుంచి వస్తాయి.

లెక్కల_పంతులు

ఇంకో అంకె, చర్చంతా తప్పించుకునేది. 2023లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవాళ్ళు 46,728. వీళ్ళలో ఆత్మహత్యలు దాదాపు 27,300. హత్యలు 18 వేలకు కొంచెం తక్కువ. మాల్‌లో వచ్చేవాడి కోసం కొన్న తుపాకీ ఎక్కువసార్లు ఇంట్లోవాళ్ళ చేతికే దొరుకుతుంది. తుపాకీతో చేసుకునే ప్రయత్నాల్లో పదికి తొమ్మిది వరకు ప్రాణం తీస్తాయి. ఉద్యోగం పోయి వీసాకు అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఉన్న ఇంట్లో, చదువు సాగక నలిగిపోతున్న పిల్లాడున్న ఇంట్లో ఆ తుపాకీ ఉండకూడదు. కొన్నాళ్ళు బయట భద్రపరచుకునే ఏర్పాటు ఉందేమో ముందు ఏదైనా గన్ షాపుకో పోలీస్ స్టేషన్‌కో ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో ఎవరి గురించైనా భయంగా ఉంటే ఆత్మహత్యల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇరవైకి పైగా రాష్ట్రాల్లో రెడ్ ఫ్లాగ్ చట్టాలున్నాయి, ఇంటివాళ్ళో పోలీసులో కోర్టును అడిగి తుపాకీని తాత్కాలికంగా తీయించొచ్చు. టెక్సాస్‌లో లేదు. మెయిన్ రాష్ట్రంలో అంతకంటే బలహీనమైన చట్టం ఉండేది. ఇంటివాళ్ళు, ఆర్మీ రిజర్వు తోటివాళ్ళు హెచ్చరించినా దాన్ని వాడలేదు. 2023 అక్టోబరులో లూయిస్టన్‌లో పద్దెనిమిది మంది పోయారు.

రేంజ్_గురి

ఈ మాటకు నేను ఎదురు చెప్పను. నాలుగో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

ఖాళీ చేయడంలో జరిగే ప్రమాదమే ఎక్కువ. వరస మారిస్తే చాలు. మ్యాగజైన్ (తూటాలు నింపే, ఊడదీసే భాగం) తీయకుండా ముందు స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) లాగితే లోపలి తూటా బయటపడుతుంది, స్లైడ్ తిరిగి ముందుకు వచ్చేటప్పుడు మ్యాగజైన్ నుంచి ఇంకోటి చాంబర్‌లోకి (తూటా పేలే చోటికి) ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైన్ తీసి "ఖాళీ" అనుకుంటారు. ఖాళీ కాదు, ఒకటి లోపలే ఉంది. సరైన వరస ఇది: మూతి మనిషి లేని దిక్కుకు, వేలు ట్రిగ్గర్ బయట. మొదట మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ మూడుసార్లు గట్టిగా లాగాలి. స్లైడ్‌ను వెనక్కి లాగి కదలకుండా నిలిపి చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. తూటాలు వేరే గదిలో పెట్టి వచ్చాకే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి. గ్లాక్ లాంటి కొన్ని పిస్టళ్ళు విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్‌లో మరచిపోయిన తూటా పేలేది సరిగ్గా అక్కడే. వేట లైసెన్సు ఉంది కదా అని తుపాకీ కొనే విద్యార్థులు ఈ వరస నోటికి వచ్చేదాకా కొనకండి. 2024లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు.

నడుముకు పెట్టుకునేవాళ్ళకు: ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసే గట్టి హోల్‌స్టర్ తప్పనిసరి. గ్లాక్ ట్రిగ్గర్ రెండున్నర కిలోల బరువుకు పడుతుంది. మెత్తబడిన తోలు అంచు, చొక్కా కొస, జాకెట్ తాడు ఏది లోపలికి దూరినా నొక్కేస్తుంది. తీసేటప్పటి కంటే తిరిగి పెట్టేటప్పుడే ఎక్కువ పేలుతుంది. కాబట్టి నిదానంగా, చూసుకుంటూ, చొక్కా ఎత్తి పట్టుకుని పెట్టాలి. హోల్‌స్టర్ లేకుండా విడిగా పర్సులో తాళాలు, లిప్‌స్టిక్ పక్కన వేయకండి.

తాళం, పెట్టె: షాపులో ఉచితంగా ఇచ్చే కేబుల్ తాళం, పిస్టల్ పైన తూటా బయటికొచ్చే సందులోంచి దూర్చి మ్యాగజైన్ గూట్లోంచి తీసి వేయాలి. ట్రిగ్గర్ చుట్టూ చుడితే పనిచేయదు. పరుపు పక్కన త్వరగా తెరుచుకునే పెట్టె కొంటే గోడలోని కర్ర స్టడ్‌కో మంచానికో బోల్టు వేయండి. లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. మూడేళ్ళ పిల్ల తుపాకీని తనవైపు తిప్పుకుని రెండు బొటనవేళ్ళతో ట్రిగ్గర్ నొక్కగలదు. బీరువా పైన, చీరల కింద, పూజ గది అరలో పెట్టడం దాచడం కాదు.

ఒక మాట మరవొద్దు: ఇక్కడి ఇళ్ళ గోడలు అర అంగుళం జిప్సం అట్టలు. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా నాలుగైదు గోడల గుండా పోతుంది. పిల్లల మంచం ఏ గోడ వెనక ఉందో ముందే చూసుకోండి.

న్యూజెర్సీ_నాగమణి

బంగారం దొంగతనాల భయంతో కొనేవాళ్ళకు ఒక మాట. ఆ దొంగలు ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, దీపావళికో పెళ్ళికో అందరూ వెళ్ళినప్పుడు వస్తారు. అప్పుడు తుపాకీ ఇంట్లో ఉంటే అదీ బంగారంతో పాటే పోతుంది. నగలు బ్యాంకు లాకర్‌లో, తలుపుకు మూడంగుళాల స్క్రూలతో స్ట్రైక్ ప్లేటు (గడియ పడేచోట చట్రానికి బిగించే లోహపు పలక), వెనక జారుడు తలుపుకు కర్ర అడ్డం. కారులో వదిలేయడం ఇంకా ఘోరం. దొంగల చేతికి పోయే తుపాకులు ఎక్కువగా కార్లలోంచే.

గాయం_కట్టు

వాదన ఏ వైపైనా, ఇది అందరూ నేర్చుకోవచ్చు. వీసా అడ్డు లేదు. చేతికో కాలికో తూటా తగిలి రక్తం చిమ్ముతుంటే అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోవచ్చు. టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోకాలు, మోచేయి మీద కాకుండా కట్టాలి. పట్టీ లాగి బిగించి, కర్ర తిప్పుతూ రక్తం ఆగేదాకా తిప్పాలి. నొప్పికి అరుస్తారు, ఆపకండి. కట్టిన సమయం రాయాలి. సడలించకూడదు, ఆసుపత్రిలోనే తీస్తారు. తొడ మొదట్లో, చంకలో, మెడ మీద టోర్నికే పనిచేయదు. అక్కడ గుడ్డ గాయంలోకి కుక్కి రెండు చేతులతో బరువంతా వేసి నొక్కాలి. స్టాప్ ద బ్లీడ్ క్లాసు గంటన్నర లోపే, చాలాచోట్ల ఉచితం. గుళ్ళలో, తెలుగు సంఘాల పండగల్లో పెట్టించండి.

ఒలేతే_మరువం

ఇండియా వెళ్ళేవాళ్ళకు హెచ్చరిక కూడా చేర్చండి. రేంజికి తీసుకెళ్ళిన బ్యాక్‌ప్యాక్ అడుగు జేబులో ఒక్క తూటా మరిచిపోయి అదే బ్యాగుతో శంషాబాద్‌లో దిగితే, ఆయుధాల చట్టం కింద కేసు. కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు కూడా తలనొప్పే. అమెరికా ఎయిర్‌పోర్టుల్లోనే 2023లో చెక్‌పాయింట్ల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, నూటికి తొంభైకి పైగా నిండినవే. "మరిచిపోయాను" అన్నదే అందరి జవాబు. రేంజి బ్యాగు, ప్రయాణం బ్యాగు వేరు వేరుగా ఉంచండి.

ఫ్రిస్కో_పావని

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. మా బంధువుల ఇంట్లో ఇద్దరికీ గ్రీన్ కార్డే, పెట్టె కొని తుపాకీ పెట్టారు. వాళ్ళ అత్తమామలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తున్నారు. పిల్లల్ని చూసుకునేది వాళ్ళే. అత్యవసరానికని పెట్టె నంబరు మామయ్యగారికి చెప్పి ఉంచుతామంటున్నారు.

వీసా_వ్యాకరణం

చెప్పొద్దనండి. బి-2 మీద వచ్చినవాళ్ళకూ అదే నిషేధం. తుపాకీ ఎక్కడుందో తెలిసి, నంబరు తెలిసి, ఇంట్లో ఒక్కరే ఉంటే, చేత్తో ముట్టుకోకపోయినా కన్‌స్ట్రక్టివ్ పొసెషన్ అనే వాదనకు తలుపు తెరిచినట్టే. వాళ్ళు దిగేలోపు నంబరు మార్చమనండి, తాళం చెవి అదనపుది ఉంటే అది కూడా కొన్నవాళ్ళ దగ్గరే ఉండాలి, తూటాల డబ్బా కూడా పెట్టెలోకే వెళ్ళాలి.

రేంజ్_గురి

పెట్టెలో బ్యాటరీ కూడా ఇప్పుడే మార్పించండి. బ్యాటరీ అయిపోయి తెరుచుకోకపోతే అదనపు తాళం చెవి ఎక్కడుందని ఇల్లంతా వెతికించేది అప్పుడే, అది దొరికేది పెద్దవాళ్ళకో పిల్లలకో.